భవానీపూర్ డాక్టరమ్మ అన్న మాట

మే నెలలో మా తెలుగు సంఘం భోజనాల దగ్గర ఒక పెద్దాయన నన్ను లేపి నిలబెట్టాడు. "పెళ్ళాం కోసం కలకత్తా అంతా తిరిగి, మళ్ళీ పొట్ట కొయ్యకుండా కాన్పు చేసే డాక్టర్ని పట్టుకొచ్చినోడు ఈడే. మొగుడంటే ఇలగుండాల" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా భార్య పైడితల్లి చంటిదాన్ని భుజాన వేసుకుని వెనక వరసలో కూర్చుంది. తను చప్పట్లు కొట్టలేదు, నా వైపు చూడనూ లేదు. పిల్ల మెడ కింద పాల మరక తుడుస్తూ ఉండిపోయింది.

ఆ రోజు నుంచీ నాకు ఫోన్లు వస్తున్నాయి. మొదటి కాన్పు ఆపరేషనై, రెండోది మామూలుగా కావాలనుకునే వాళ్ళ భర్తలు, అన్నలు, ఒకోసారి తండ్రులు. "ఎలా పట్టారండీ ఆ డాక్టర్ని?" అని అడుగుతారు. నేను పట్టలేదు. దొరికిన డాక్టర్ని దాచిపెట్టాను. ఒక్కొక్కరికీ నోటితో చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగింది కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో. మా తాత విజయనగరం పక్క నుంచి వచ్చి కార్పొరేషన్‌లో వీధులూడ్చాడు. నాన్న కూడా అదే పని చేశాడు. నేను అదే కార్పొరేషన్‌లో నీళ్ళ పంపు నడుపుతాను. నలభై నాలుగేళ్ళు నాకు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో బంగ్లా. పైడితల్లి పెళ్ళై గజపతినగరం నుంచి వచ్చింది. మా వీధిలో హిందీతో రోజులు గడిచిపోతాయి కాబట్టి తొమ్మిదేళ్ళయినా తనకి బంగ్లా పట్టుబడలేదు. ఆస్పత్రికి వెళ్తే డాక్టరుకీ తనకీ మధ్య నేనే. జరిగిందంతా ఆ మధ్యలోనే జరిగింది.

మా పెద్దది జ్యోతి ఏడేళ్ళ కిందట ఆపరేషన్‌తో పుట్టింది. ఆ రాత్రి ఎవరో గబగబా వచ్చి బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందన్నారు. నేను సంతకం పెట్టాను. పైడితల్లిని ఎవరూ ఏమీ అడగలేదు, తన భాషలో ఎవరూ ఏమీ చెప్పలేదు. తర్వాత కుట్టు చీము పట్టింది. జ్యోతి ఏడుస్తుంటే మంచం మీంచి లేవలేక, చేతులు చాచి అలా చూస్తూ ఉండేది. మా అమ్మ బిడ్డని ఎత్తి ఒళ్ళో పెడితే పాలిచ్చేది, మళ్ళీ అమ్మే తీసేది.

కిందటి అక్టోబరులో, దుర్గ పూజ సెలవుల్లో, మళ్ళీ గర్భమని ఖాయమైంది. అప్పటికే నాలుగో నెల. వీధంతా దీపాల తోరణాలు. మేడ మీద బట్టలు తీస్తూ నాతో అంది:

"బావా, ఈసారి కోత వద్దు. నా పిల్లని నానే ఎత్తుకోవాల. కుదురుద్దో లేదో డాక్టర్నడుగు."

"అడుగుదాం" అన్నాను. చెప్పడం తేలికే.

నవంబరంతా తిరిగాం. మా పక్కనున్న నర్సింగ్ హోమ్ డాక్టరు నవ్వాడు. ఒకసారి పొట్ట కోస్తే ఇక ప్రతిసారీ కోతే, ఇందులో ఆలోచించేదేముంది అన్నాడు. ఇంకొకాయన, నొప్పులు ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసు, అంతసేపు మీ ఆవిడ పక్కన ఎవరు కూర్చుంటారు అన్నాడు. మూడో చోట లేడీ డాక్టరు. వయసు ముప్పై మూడా, పెద్ద పిల్ల ఉందా, ఇక చాలు కదా, ఎందుకీ ప్రయోగాలు అంది. ప్రతి గదిలోనూ అవే ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద నవ్వే పాపాయిల బొమ్మలు. కుర్చీ దొరక్క గోడకి ఆనుకుని నిలబడితే ఒకరోజు ఒక ముసలాయన లేచి, తన కుర్చీని చేత్తో దులిపి, "బోషో మా" అని పైడితల్లిని కూర్చోబెట్టాడు. తర్వాత రెండు గంటలూ నిలబడే ఉన్నాడు. ఆయన భార్యకేదో పెద్ద జబ్బు. ఆ రోజు మాకు దొరికిన మంచిమాట అదొక్కటే.

నా భయం సంగతి కూడా చెప్పాలి. బిడ్డ గుండె తగ్గుతోందన్న ఆ రాత్రి మాట నన్ను వదల్లేదు. పైడితల్లికి కోత గుర్తుంది, నాకు ఆ మాట గుర్తుంది. ఇద్దరం ఒకే మంచం మీద వేరువేరు భయాలు పట్టుకుని పడుకునేవాళ్ళం. ఆపరేషన్ చేయించి ఏమైనా అయితే డాక్టరు చేశాడంటారు. మామూలు కాన్పుకి పట్టుబట్టి ఏమైనా అయితే నన్నంటారు. ఇలా ఆలోచించానని ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. కానీ ఆలోచించాను.

మా అమ్మ రోజూ అనేది, "నాను ఆరుగుర్ని ఇంట్లోనే కన్నాను. ఆ రోజులు యేరు, ఈ రోజులు యేరు. ఒకపాలి కోసిన పొట్ట పిగిలిపోద్దంట. ఇదేటి పంతమే నీకు?"

"పంతం కాదత్తా, అడుగుతున్నాను."

"అడిగి అడిగి నా కొడుకు కాళ్ళు అరిగిపోనాయి."

అడిగేది తను, అరిగేది తన కాళ్ళు. ఆ మాట కూడా నేను అనలేదు.

డిసెంబరులో భవానీపూర్ వెళ్ళాం. పాత మేడ, మొదటి అంతస్తు, ఇనప జాలీ తలుపు. డాక్టరమ్మకి యాభై పైనే ఉంటాయి. మిగతా వాళ్ళలా కాకుండా పాత ఆస్పత్రి కాగితం పూర్తిగా చదివింది. కోత కింద అడ్డంగా పెట్టారు, మంచిదే అంది. ఎన్నేళ్ళ ఎడం అని అడిగింది. పైడితల్లి పొట్ట మీద చెయ్యి వేసి చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి బంగ్లాలో చాలా చెప్పింది. పాత కుట్టు తెగే ప్రమాదం తక్కువే గాని ఉంది. నొప్పులు మొదలయ్యాక బిడ్డ గుండెని ఆపకుండా వింటూ ఉండాలి. ఆపరేషన్ గది ఏ క్షణానికైనా సిద్ధంగా ఉండే ఆస్పత్రిలోనే చెయ్యాలి, తను అక్కడికి వస్తుంది. బిడ్డ తల కిందికి తిరగాలి. ఇవన్నీ కుదిరితే సరే. చివర్న పైడితల్లి ముఖంలోకి చూసి నవ్వి, "ఓనాకే బోలున్, చేష్టా కొరా జాయ్" అంది.

ఆమెకి చెప్పండి, ప్రయత్నించవచ్చు. అంతే ఆ మాటకి అర్థం. బంగ్లాలో చేష్ట అంటే ప్రయత్నం. మన భాషలో చేష్టలంటే ఏమిటో చెప్పక్కర్లేదు.

పైడితల్లి ముఖం వాడిపోయింది. నా చెవి దగ్గర నెమ్మదిగా అడిగింది, "ఏటి బావా, చేష్టలంటందా? నానేటి చేష్టలు చేసినాను?"

ఆ క్షణంలో నేను నవ్వి, ఓసి పిచ్చిదానా, ఆవిడ ఒప్పుకుంది అని చెప్పాల్సింది. నా చెవిలో మాత్రం కుట్టు తెగడం, గుండె వినడం, ఏ క్షణానికైనా అన్న మాటలే మోగుతున్నాయి. "పద, ఎల్దాం" అన్నాను. మెట్లు దిగుతూ తను మళ్ళీ అడిగింది, "కుదరదనేసిందా?"

"కుదరదంట" అన్నాను.

తనకి ఆ నవ్వు అర్థం కాలేదు. "నవ్వతా తిట్టింది చూడు, అదే బాధ" అంది బస్సులో. నేను కిటికీ బయటికి చూశాను.

ఒకసారి అబద్ధమాడితే దాన్ని నిలబెట్టడానికి తిరగాలి. జనవరిలో కూడా తనని మరో ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళాను. తను అడుగుతూనే ఉంది కాబట్టి కాదనలేకపోయాను. ఒకామె "దేఖా జాబే" అంది. చూద్దాంలే అని. ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా వింటున్నాను, ఆ మాటకి కాదనే అర్థం. మిగతా ఇద్దరూ ముఖం మీదే కాదన్నారు. ప్రతి కాదునీ అక్షరం పొల్లుపోకుండా తెలుగు చేసి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ నా ఛాతీ మీంచి కొంత బరువు దిగేది. తన భుజాలు కొంచెం కిందికి జారేవి. రెండూ నాకు కనిపించాయి.

చలికాలం, రెండు గదుల క్వార్టరు, తలుపులు మూసి ఉండేవి. మేం ఐదుగురం. అమ్మ, నాన్న, నేను, జ్యోతి, తను. తను కుట్టు మిషను ముందు గోడ వైపు తిరిగి కూర్చునేది. మెటియాబ్రుజ్ దుకాణాల నుంచి కత్తిరించిన పిల్లల గౌన్లు వస్తాయి. వాటికి అంచులు కుట్టి, గుండీలు వేసి ఇవ్వడం తన పని. ఎటు తిరిగినా ఎవరో ఒకరి మోకాలు తగిలే ఇంట్లో తను ఒక్కతే ఎవరికీ తగలకుండా బతకడం నేర్చుకుంది. రాత్రి పక్కకి తిరిగి పడుకోవడానికి కష్టపడుతుంటే సాయం చేద్దామని చెయ్యి చాస్తే, "నానే తిరుగుతాను" అనేది.

ఫిబ్రవరి మొదట్లో అమ్మ పురోహితుడి దగ్గరికి వెళ్ళి ఆపరేషన్‌కి మంచి ముహూర్తం పెట్టించుకొచ్చింది. మా పక్క నర్సింగ్ హోమ్‌లో ఆ రోజుకి, ఆ గంటకి మాట్లాడేశాను. పైడితల్లితో చెబితే, "పెళ్ళికి కూడా నన్నడగకుండానే పెట్టినారు, దీనికీ పెట్టినారా" అంది. అమ్మ నవ్వేసింది. తను నవ్వలేదు.

ఆ నెల మధ్యలో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను చేపల పులుసు కలుపుకుని తింటున్నాను. సబీనా వచ్చింది. మెటియాబ్రుజ్ నుంచి గౌన్ల మూటలు తెచ్చి, కుట్టినవి తీసుకెళ్ళేది ఆమే. బజ్‌బజ్ వైపు మనిషి, పెద్ద గొంతు. వీళ్ళిద్దరూ హిందీలో మాట్లాడుకుంటారు. కాన్పు దగ్గరికొచ్చింది, వచ్చే మూట ఇంకెవరికైనా ఇప్పించగలవా అని పైడితల్లి అడిగింది.

సబీనా మూట ముడి వేస్తూ, అలవాటుగా తన బంగ్లాలో, "చేష్టా కొర్బో దీదీ" అంది.

పైడితల్లి చేతిలో సూది ఆగింది. "నువ్వూ అదే మాటంటావా నన్ను? నేనేం చేశాను?"

"అయ్యో, ఏమన్నాను? కోశిశ్ చేస్తానన్నాను. చేష్టా అంటే కోశిశే కదా!"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. పైడితల్లి నా వైపు చూడలేదు. సబీనానే చూస్తూ, ఒక్కో ముక్కా జాగ్రత్తగా పలికింది. "చేష్టా కొరా జాయ్. అంటే?"

అవమానం అనుకున్న మాట కాబట్టి, రెండు నెలలైనా పూర్తిగా గుర్తుంది తనకి.

"ప్రయత్నం చెయ్యొచ్చు అని. ఎవరన్నారు?"

"డాక్టరు."

సబీనా నన్ను చూసింది. ఆ తర్వాత పైడితల్లి చూసింది.

"బావా. ఇది చెప్పింది నిజమేనా?"

"ఆవిడ ప్రమాదం కూడా ఉందనింది..."

"నిజమేనా కాదా, ఒక్క మాట చెప్పు."

"నిజమే."

వంటగదిలోంచి అమ్మ, "ఏటైందే?" అంది. పైడితల్లి సూదిని గుడ్డకి గుచ్చి పక్కన పెట్టింది. అరవలేదు. "ఆ మనిషిని రోజూ నాలో నాను తిట్టుకున్నాను. అద్దంలో నన్ను నాను చూసుకుని, నిజంగా చేష్టలేనేమో అనుకున్నాను. ఒప్పుకున్న మనిషినా నాను తిట్టుకున్నాది!" అంది. అప్పుడు ఏడ్చింది. సబీనా పక్కన కూర్చుని వీపు నిమిరింది. నేను ఎంగిలి చేత్తో అలాగే కూర్చున్నాను. లేచి వెళ్దామంటే ఆ గదికి ఉన్నది ఒకటే తలుపు, దానికి అడ్డంగా వాళ్ళిద్దరూ కూర్చున్నారు.

విషయం తెలిశాక అమ్మ పైడితల్లి వైపు మాట్లాడుతుందనుకోలేదు. "డాక్టరమ్మ ఒప్పుకుంటే కాదన్డానికి నువ్వెవుడివిరా? కడుపు నీదా?" అంది. ముహూర్తం పెట్టించింది నువ్వే కదమ్మా అంటే, "నాకు నువ్వు సెప్పిందే కదరా తెలిసింది!" అంది. నిజమే. ఆ ఇంట్లో అందరికీ నేను చెప్పిందే తెలుసు.

మర్నాడు పైడితల్లి సబీనాని తీసుకుని భవానీపూర్ వెళ్ళింది. "నువ్వు రావద్దు" అంది. నేను వెనకాలే వేరే బస్సులో వెళ్ళాను. ఆ ఇనప జాలీ బయట, మెట్ల మీద నిలబడ్డాను. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినపడలేదు. డాక్టరమ్మ ఇంత ఆలస్యంగా వచ్చినందుకు కాదంటుందేమోనని అప్పుడు భయపడ్డాను. మొదటిసారి, పైడితల్లి భయం నాకు పట్టుకుంది. బయటికి వచ్చినప్పుడు సబీనా చెప్పింది. డాక్టరమ్మ బాగా కోప్పడిందట, మధ్యలో రెండు నెలలు చూపించుకోకుండా ఎలా అని. తల కిందికి తిరిగి ఉందట. మాట ఇవ్వలేను, కానీ నా మాట మీద నేనున్నాను అందట. పైడితల్లి నన్ను దాటుకుని మెట్లు దిగిపోయింది.

ముహూర్తానికి ఇంకా వారం ఉండగా, మార్చి మొదట్లో, తెల్లవారుతుంటే నొప్పులు మొదలయ్యాయి. డాక్టరమ్మ చెప్పిన పెద్ద ఆస్పత్రికి టాక్సీలో వెళ్ళాం. లోపల ఒక్కరినే ఉండనిస్తామన్నారు. పైడితల్లి నా వైపు చూసి, "సబీనా" అంది.

నేనూ అమ్మా బయట బెంచీ మీద. తలుపు తెరిచినప్పుడల్లా లోపలి యంత్రంలో బిడ్డ గుండె చప్పుడు గుర్రం పరిగెట్టినట్టు వినిపించేది. మూసుకుంటే ఏమీ లేదు. మధ్యాహ్నం ఒకసారి నర్సులు గబగబా లోపలికి వెళ్ళారు. ఏడేళ్ళ కిందటి రాత్రి మొత్తం నా ఒంట్లోకి తిరిగొచ్చింది. లేచి తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆపరేషన్ చేసేయండి అని అరవాలనిపించింది. అమ్మ నా చొక్కా పట్టుకుని లాగింది. "కూకో. నువ్వింక మాటాడకు."

కూర్చున్నాను. లోపల డాక్టరమ్మ ఏం చెప్పిందో తర్వాత తెలిసింది. గుండె కొంచెం తగ్గింది, పక్కకి తిరిగి పడుకో, మళ్ళీ తగ్గితే కొయ్యాల్సి వస్తుంది అందట. సబీనా అది హిందీలో చెబితే, పైడితల్లి "అప్పుడు కొయ్యండి. నన్నడిగి కొయ్యండి" అందట. పక్కకి తిరిగాక గుండె సర్దుకుంది.

సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. కొయ్యలేదు. ఆ పూటే పైడితల్లి గోడ పట్టుకుని వరండాలో నాలుగడుగులు నడిచింది. తిరిగొచ్చి, తొట్టిలోంచి బిడ్డని తనే ఎత్తుకుంది. సబీనాకి ఇచ్చింది, తర్వాత అమ్మకి. నాకు అందించేటప్పుడు, "తల జాగర్త" అంది. భవానీపూర్ వెళ్ళొచ్చాక నాతో తనంతట తను అన్న మొదటి మాట.

ఇది చదివే వాళ్ళకి ఒకటి చెప్పాలి. అందరికీ ఇలా కుదరదు. పాత కోత ఎలా ఉంది, ఎడం ఎంత, ఆస్పత్రి ఎలాంటిది, ఇవన్నీ చూసి డాక్టరే చెప్పాలి. కోత పడినా అది ఓటమి కాదు. చూద్దాంలే అనే వాళ్ళని నమ్మకండి. ఏ పరిస్థితిలో సరే, ఏ పరిస్థితిలో కాదు అని విడమర్చి చెప్పే వాళ్ళని వెతకండి. వాళ్ళు చెప్పిన మాట ఎవరి ఒంటి మీదో, వాళ్ళనే నేరుగా విననివ్వండి.

భోజనాల తర్వాత ఫోన్ చేసిన వాళ్ళలో ఒక కుర్ర జంట నిరుడే బ్యాంకు ఉద్యోగం మీద గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చింది. కిందటి వారం ఇంటికొచ్చారు. ఆ అమ్మాయికి ఆరో నెల. పైడితల్లి వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, నాతో, "ఆ అబ్బాయిని టీకి తీసుకెళ్ళు. మేం మాటాడుకుంటాం" అంది.

వీధి మొగలో టీ బండి దగ్గర నిలబడ్డాం. అతను డాక్టరమ్మ గురించి అడిగాడు. పైన రాసిందంతా అతనికి చెప్పాను. నోటితో చెప్పడం అదే మొదలు. వింటున్నంతసేపూ మట్టి కప్పు చేతిలో తిప్పుతూ ఉన్నాడు.

"అన్నా" అన్నాడు చివరికి. "మొన్న మా డాక్టర్ ఒకటి చెప్పారు. మా ఆవిడకి ఇంగ్లీషు సరిగ్గా రాదు. నేను సగమే చెప్పాను."

నా కప్పు బండి మీద పెట్టాను.

"ఇప్పుడెలా చెప్పాలన్నా? మీరెలా చెప్పారు?"

"నేను చెప్పలేదు. పట్టుబడ్డాను. చెబితే ఎలా ఉంటుందో నాకు తెలీదు."

అతను టీ పూర్తిగా తాగకుండానే కప్పు పారేసి, మా ఇంటి వైపు నడిచాడు.